పట్టాల లారీని నమ్మని మద్దమ్మ

మద్దమ్మ ఒక్క మాటకు ఎవరినీ నమ్మదని ఆ చుట్టుపక్కల అందరికీ తెలుసు. పాలు పోసే మనిషి క్యాను మూత తీస్తే ఆమె ముందు చూసేది పాలను కాదు, అతని ముఖాన్ని. సంతలో టమోటాలు కొనేటప్పుడు పైన నిగనిగలాడేవాటిని పక్కకు నెట్టి అడుగునుంచి ఏరుకుంటుంది. కూతురు సుగంధి ఫోన్ల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో పని చేస్తుంది. సాయంత్రం ఆ పిల్ల "బస్సెక్కినానమ్మా" అని ఫోన్ చేస్తే, "ఏదీ, పక్క సీట్లో పిల్లకియ్యి ఫోను" అంటుంది. సుగంధి పళ్ళు నూరుకుంటూ ఇస్తుంది.

ఇంట్లో అంత విసుగు పుట్టించే ఈ గుణాన్ని ఉద్యోగంలో మాత్రం ఎవరూ తప్పు పట్టలేదు. మద్దమ్మ రైలు గేటు కాస్తుంది. హోసూరు నుంచి సేలం పోయే రైలుదారి మత్తిగిరి దాటి కెలమంగలం వైపు సాగే చోట, గులాబీ తోటలకీ రాగిచేలకీ మధ్య ఒక రోడ్డు పట్టాలను అడ్డంగా దాటుతుంది. అక్కడ ఒక చిన్న గది, ఒక టెలిఫోను, గేటు దించే చక్రం, ఎర్రజెండా, పచ్చజెండా. తళి నుంచి పూలబుట్టలు తెచ్చే వ్యాన్లు, స్కూలు బస్సులు, ఫ్యాక్టరీ బస్సులు అన్నీ ఆ గేటు ముందు ఆగాల్సిందే. రైలు వెళ్ళిపోయాక కూడా ఆమె వెంటనే గేటు ఎత్తదు. చివరి పెట్టె వెనక ఉండే గుర్తును కళ్ళారా చూడాలి. చూసినా, ఆ వంపు తిరిగి రైలు కనుమరుగయ్యేదాకా నిలబడుతుంది. బైకులవాళ్ళు హారన్లు మోగిస్తే మోగించనీ అంటుంది. ఆమె అసలు పేరు మర్చిపోయి "గేటమ్మా" అని పిలిచేవాళ్ళే ఎక్కువ.

అలాంటి గేటు దగ్గరికి ఒకరోజు పొద్దున పసుపురంగు లారీ ఒకటి వచ్చింది.

చూడటానికి మామూలు లారీయే. వెనక ఒక పొడుగాటి ఇనపచెయ్యి, దాని చివర మనుషులు నిలబడే తొట్టి. పైన కరెంటు తీగలు సరిచేసే బండి కాబోలు అనుకుంది మద్దమ్మ. గేటు తెరిచే ఉంది కాబట్టి దాటి పోతుందనుకుంది. కానీ లారీ సరిగ్గా పట్టాల మధ్యకు వచ్చి ఆగింది. ఆగడమే కాదు, వెనక్కీ ముందుకీ కదిలి, మూతిని రోడ్డు వైపునుంచి రైలుదారి వైపుకు తిప్పుకోసాగింది.

మద్దమ్మ ఎర్రజెండా పట్టుకుని ఒక్క అంగలో బయటికి దూకింది.

"ఏయ్, ఎవురప్పా నువ్వు! పట్టాల మీద బండి తిప్పుతావా? దిగు కిందికి!"

డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి నవ్వాడు. నడివయసు మనిషి, చెవులమీదుగా తువ్వాలు కట్టుకున్నాడు. "తిప్పితేనే కదక్కా ఎక్కేది," అన్నాడు.

"ఎక్కేదేంది? యాడికెక్కేది?"

"పట్టాల మీదికి."

తాగి ఉన్నాడేమో అని ఆమె దగ్గరికి పోయి వాసన చూసింది. ఈలోగా అవతలి వైపునుంచి ఒక కుర్రాడు దిగాడు. నలగని చొక్కా, మెళ్ళో కంపెనీ కార్డు, తలమీద తెల్ల హెల్మెట్. రెండు చేతులూ జోడించి, "నమస్తే మద్దమ్మగారూ, మేము చెప్పకుండా వచ్చి కంగారు పెట్టినట్టున్నాం," అన్నాడు.

మద్దమ్మకు వెంటనే రెండు అనుమానాలు పుట్టాయి. ఒకటి, తన పేరు వీడికెలా తెలుసు? రెండు, ఆ పక్క ఎవరూ ఎవరినీ 'గారు' అనరు. అంత మర్యాదగా పిలిచాడంటే ఏదో పని పడి ఉండాలి. ఆ పని మంచిదైతే అంత మర్యాద ఎందుకు?

కుర్రాడి పేరు విష్ణువర్ధన్. గుంటూరు వైపునుంచి వచ్చి, రైలు తీగల పని చేసే ఒక కాంట్రాక్టు కంపెనీలో సూపర్‌వైజరుగా చేరాడు. డ్రైవరు నాగేశప్ప జూజువాడి మనిషి. రోడ్డుమీదా పట్టాలమీదా రెండింటి మీదా నడిచే బండి ఇదని, తీగలు చూసుకుంటూ పోవడానికి తెచ్చామని, స్టేషన్‌లో అనుమతి తీసుకున్నామని విష్ణువర్ధన్ నిదానంగా చెప్పాడు. మద్దమ్మ విన్నదంతా విని, లోపలికి పోయి స్టేషన్‌కు ఫోన్ చేసింది. అవును, ఆ దారిలో కాసేపు రైళ్ళు రాకుండా ఆపి 'బ్లాక్' ఇచ్చామని, బండిని ఎక్కనివ్వమని స్టేషన్ మాస్టరు చెప్పాడు. అది తనకు తెలిసిన గొంతే. అయినా, "సార్, నిన్న మీరు సగంలో ఆపేసిన మాట ఏంది?" అని అడిగింది. నిన్న నీళ్ళ ట్యాంకు బాగుచేయించే సంగతి మాట్లాడుతుండగా ఫోన్ తెగిపోయింది. ఆయన విసుక్కుని, "ట్యాంకు," అన్నాడు. అప్పుడు గాని ఆమె ఫోన్ పెట్టలేదు.

తరవాత జరిగింది చూడటానికి రోడ్డు మీద వాళ్ళంతా దిగి వచ్చారు. లారీ పట్టాలకు సూటిగా నిలబడింది. నాగేశప్ప ఏదో మీట లాగాడు. ముందొక జత, వెనకొక జత చిన్న ఇనపచక్రాలు లారీ పొట్టకిందినుంచి కిందికి దిగి, పట్టాలను పట్టుకున్నాయి. లారీ జానెడు పైకి లేచింది. రబ్బరు టైర్లు గాలిలో వేలాడాయి. అతను దిగి, చక్రాలు మళ్ళీ పైకి లేవకుండా ఒక్కోదానికి లావుపాటి పిన్ను దూర్చి, ఎక్కి కూర్చున్నాడు. లారీ రైలులా సాగిపోయింది. జనం ఫోన్లు ఎత్తి వీడియో తీశారు.

మద్దమ్మకు మాత్రం అది చూస్తే ఒళ్ళు చిరచిరలాడింది. రోడ్డు మీద పోయేదాన్ని ఆపడం తన పని. పట్టాల మీద వచ్చేదానికి దారి ఇవ్వడం తన పని. ఇన్నేళ్ళూ ఈ రెండింటి మధ్య ఒక కడ్డీ దించి బతికింది. ఇప్పుడు ఈ బండి పొద్దున రోడ్డుది, మధ్యాహ్నం పట్టాలది. దీన్ని ఏ లెక్కన నమ్మాలి?

ఆ రోజు మొదలు పట్టాల లారీ వారంలో చాలాసార్లు వచ్చేది. వచ్చినప్పుడల్లా ఆమెకు ఒక కొత్త అనుమానం తెచ్చిపెట్టేది. ఒకసారి విష్ణువర్ధన్ టేపు తీసుకుని గేటు వెడల్పు కొలిచాడు. ఇంకోసారి గది ముందు నిలబడి రోడ్డుకు అటూ ఇటూ ఫోటోలు తీశాడు. మరోసారి, "రోజుకు ఎన్ని బళ్ళు వెళ్తాయండీ ఈ దారిలో?" అని అడిగాడు.

"ఎందుకప్పా నీకు?" అంది మద్దమ్మ.

"ఊరికే."

ఊరికే ఎవరైనా బళ్ళు లెక్కపెట్టుకుంటారా? గేట్లు తీసేసి కింద సొరంగంలా దారులు కడుతున్నారని ఆమె విని ఉంది. ఈ లారీ వంకతో గేటు మూయించడానికే వచ్చారు, తననింక ఏ దూరపు స్టేషన్‌కో తోలేస్తారు, అనుకుంది. సుగంధితో అంటే ఆ పిల్ల నవ్వింది.

"నీకు అన్నం ఉడికినా అనుమానమే కదమ్మా. లారీ తిరగడానికి చోటు చాలుతుందో లేదో చూసుకుంటా ఉండారు, అంతే."

"నీకెవురు చెప్పినారు?"

"ఎవురూ చెప్పలేదు. నాకే తోచింది."

"తోచిందే నిజమని ఎట్లా చెప్తావు?"

నాగేశప్ప సంగతి ఇంకో రకం. అతనికి నోరు ఊరుకోదు. బ్లాక్ ఇచ్చేదాకా కాసుక్కూచోవాలి కాబట్టి ఆమె గది ముందు గట్టు మీద చేరి కబుర్లు చెప్పేవాడు. ఒకప్పుడు లారీలో ఉల్లిగడ్డలు వేసుకుని దేశమంతా తిరిగాడట. చెక్‌పోస్టు దగ్గర లారీల వరసలో నిలబడి నిలబడి జీవితం సగం పోయిందట. "ఈ పట్టాల మీద చూడక్కా, ఎదురు వచ్చేవాడు లేడు, ఓవర్‌టేకు చేసేవాడు లేడు. స్టీరింగుతో పనే లేదు," అని మురిసిపోయేవాడు. అతని భార్య అలివేలు జూజువాడిలో లారీలవాళ్ళకు టీ, బీడీలు, సబ్బులు అమ్మే చిన్న కొట్టు నడుపుతుంది. ఒకరోజు అలివేలు చేసి పంపిందని నాలుగు ఒబ్బట్లు ఆకులో చుట్టి తెచ్చాడు.

మద్దమ్మ ఆకు విప్పి చూసి, ఒకటి తీసి అతని చేతిలో పెట్టింది. "నువ్వు తిను ముందు."

"మందు పెట్టినాననుకున్నావా?" అని అతను పొట్ట చెక్కలయ్యేలా నవ్వి, తిన్నాడు. అతను తిన్నాక చాలాసేపు చూసి, ఆమె తిన్నది. నెయ్యి బాగా వేసింది అలివేలు. అయినా ఆమె మనసులో, గేటు మనిషిని మంచి చేసుకుంటే అనుమతి లేకుండా బండి ఎక్కించొచ్చని వీళ్ళ ఎత్తు అయుండొచ్చు, అనుకుంది. మర్నాడు లారీ రాగానే రెండుసార్లు ఫోన్ చేసి గాని ఎక్కనివ్వలేదు.

అలా వానకాలం సగం గడిచింది. అప్పుడు జరిగింది ఈ సంగతి.

ఆ రోజు పొద్దున సన్నగా జల్లు పడుతోంది. లారీ, విష్ణువర్ధన్‌నూ పనివాళ్ళనూ ఎక్కించుకుని, మద్దమ్మ గేటు దగ్గరే పట్టాలెక్కి కెలమంగలం వైపు వెళ్ళింది. తీగలు చూసుకుని తిరిగి ఇక్కడికే వచ్చి దిగాలి. స్టేషన్ వాళ్ళకు చెప్పింది అదే. మధ్యాహ్నం కావస్తున్నా లారీ రాలేదు. మద్దమ్మ వంపు వైపు కళ్ళు కాయలు కాచేలా చూస్తూ నిలబడింది. ఈలోగా విష్ణువర్ధన్ ఎవరి బైకో ఎక్కి, తడిసి ముద్దై, రోడ్డు వైపునుంచి వచ్చాడు.

"మద్దమ్మగారూ, బండి దిగిపోయిందండీ. అవతలి గేటు దగ్గర దించేశాం. స్టేషన్‌కు నేను చెప్పాను. మీరు కూడా ఒక్కమాట చెప్పేస్తే బ్లాక్ తీసేస్తారు," అన్నాడు.

"ఈడ దిగాల్సింది ఆడెందుకు దిగింది?"

"ఏదో కొంచెం ఇబ్బంది వచ్చిందండీ. ఏం లేదు."

ఎప్పుడూ మెత్తగా మాట్లాడేవాడే. కానీ ఆ రోజు గొంతు మరీ మెత్తగా ఉంది. కళ్ళు ఆమె ముఖం మీద నిలవడం లేదు. హెల్మెట్ లేదు. చొక్కా చేతి అంచున గోధుమరంగు మరక, వానకు తడిసి కిందికి పాకుతోంది. మద్దమ్మ ఆ మరకను చూసింది. గ్రీజు అలా ఉండదు.

ఇంతలో ఫోన్ మోగింది. స్టేషన్ మాస్టరు. బెంగళూరు పోయే బండి అవతల ఆగి ఉంది, లారీ నీ గేటు దగ్గర దిగిందా లేదా చెప్పు, అన్నాడు.

"ఈడ దిగలేదు సార్. నేను చూడలేదు."

విష్ణువర్ధన్ తల పట్టుకున్నాడు. "అయ్యో, అవతల దిగిందని చెప్తున్నాను కదండీ!"

"నువ్వు చెప్తా ఉండావు. నేను చూడలేదు. నా కండ్ల ముందర ఎక్కింది. దిగింది చూడకుండా దిగిందని నా నోటితో ఎట్లా చెప్పేది? ఆ వంపు అవతల అది నిలబడి ఉంటే? రైల్లో ఎంతమంది ఉంటారో తెలుసునా నీకు?"

"నేను అబద్ధం చెప్తానా?"

"చెప్పవని నాకేం తెలుసు?"

కుర్రాడి ముఖం ఎర్రబడింది. అయినా ఏమీ అనలేదు. అనకపోవడమే ఆమెకు ఇంకా అనుమానం కలిగించింది. నిజం చెప్పేవాడికి కోపం వచ్చి అరవాలి కదా. ఆమె స్టేషన్ మాస్టరుతో, "అవతలి గేటుకు ఫోన్ చేసి అడగండి సార్, ఆయన చూసింటే చెప్తాడు," అంది. అవతలి గేటు కాసేది రంగనాయకులు అనే పెద్దాయన. ఆయన ఫోన్ వెంటనే ఎత్తలేదు. రేకుల మీద జల్లు చప్పుడు ఒక్కటే. బెంగళూరు బండి ఎక్కడో ఆగి కూత పెడుతోంది.

చివరికి ఫోన్ మోగింది. రంగనాయకులు తన గేటు దగ్గర లారీ దిగి, రోడ్డు పక్కన నిలబడి ఉందని తానే చూశానని చెప్పాడట. దారి ఖాళీగానే ఉంది. కాసేపటికి రైలు దడదడలాడుతూ గేటు దాటి పోయింది. కిటికీల్లోంచి జనం ఎందుకాలస్యమైందో అని తొంగి చూశారు.

అంటే కుర్రాడు చెప్పింది నిజమే. మద్దమ్మ అనుమానం తప్పు. రైలును ఊరికే నిలబెట్టింది. ఆ మాట ఆమెకూ తెలుస్తూనే ఉంది. కానీ గేటు ఎత్తి వచ్చాక ఆమె కుర్రాడి ఎదురుగా నిలబడి, "సరే, లారీ దిగింది. మరి నువ్వు దాస్తా ఉండేది ఏంది?" అని అడిగింది.

"ఏం లేదండీ."

"ఆ రక్తం ఎవురిది?"

విష్ణువర్ధన్ చొక్కా చేతి వైపు చూసుకున్నాడు. అప్పుడే మొదటిసారి చూసినట్టున్నాడు. గట్టు మీద కూలబడిపోయాడు.

నెమ్మదిగా బయటపడింది సంగతి. తిరిగి వస్తుండగా బండి వెనక చక్రం దగ్గర ఏదో చప్పుడు వచ్చిందట. అలా ఇంతదూరం రావడం మంచిది కాదని అవతలి గేటు దగ్గరే దించేద్దామనుకున్నారు. చక్రాలు పైకి లేపాలంటే ముందు పిన్నులు తియ్యాలి. ఒకటి బిగుసుకుపోయి రాలేదు. నాగేశప్ప కిందికి వంగి, చెయ్యి లోపలికి పెట్టి దాన్ని కదిలించాడు. పిన్ను ఒక్కసారిగా ఊడింది. చక్రం బరువంతా అతని కుడిచేతి మీద పడింది. చెయ్యి బయటికి తీసి, అక్కడున్న కారులో హోసూరు ఆస్పత్రికి పంపించారు. మిగిలినవాళ్ళు ఎలాగో బండిని పక్కకు లాగారు. విష్ణువర్ధన్ ఇక్కడికి పరిగెత్తుకొచ్చాడు.

"ఇప్పుడు జూజువాడి వెళ్ళి వాళ్ళావిడకు చెప్పాలండీ. ఫోన్‌లో చెప్తే కంగారు పడుతుంది. చిన్న దెబ్బే, కట్టు కట్టి పంపిస్తారని చెప్పి తీసుకొస్తాను. ఆస్పత్రికి వచ్చాక మెల్లగా..."

అతని మాట పూర్తి కాలేదు. మద్దమ్మ ఒంటికాలి మీద లేచింది.

"చెప్పగాకు! ఆ మాట చెప్పినావంటే నీ కాళ్ళిరగ్గొడతాను!"

కుర్రాడు బిత్తరపోయాడు. ఆమెకే తన గొంతు కొత్తగా వినిపించింది. నీళ్ళు తాగి, గట్టు మీద అతని పక్కనే కూర్చుంది. ఎన్నడూ ఎవరికీ చెప్పని సంగతి ఆ గుంటూరు కుర్రాడికి చెప్పింది.

ఆమె భర్త ముత్తప్ప రైలుదారి మీద పని చేసేవాడు. రాయకోట వైపు పట్టాలు చూస్తుండగా వాన కమ్ముకొచ్చి, పిడుగు పడింది. అక్కడికక్కడే పోయాడు. మద్దమ్మకు కబురు తెచ్చినవాళ్ళు మాత్రం, వానకు జారి పడ్డాడు, కృష్ణగిరి పెద్దాస్పత్రిలో ఉన్నాడు, అన్నారు. ఆమె ఆకలిగా ఉంటాడని రాగిముద్ద, ఉప్పుసారు క్యారియర్లో పెట్టుకుని బయల్దేరింది. జీపులో ఆమెతో వచ్చిన అందరికీ తెలుసు. అందరూ మెత్తగా మాట్లాడారు. ఒకాయన, ఇందాకే లేచి కాఫీ తాగినాడంట, అని కూడా అన్నాడు. కృష్ణగిరి చేరేదాకా ఆమె ఆ కాఫీని నమ్ముకుని కూర్చుంది. ఆస్పత్రి వరండాలో ఒకరు ఆమె చేతిలోంచి క్యారియర్ మెల్లగా తీసుకున్నప్పుడు గాని తెలియలేదు.

"వాళ్ళది మంచి మనసే," అంది మద్దమ్మ. "నాకు తెలుసు. కానీ ఆ పొద్దు నుంచి ఎవురైనా మెత్తగా మాట్లాడితే నాకు కాఫీ జ్ఞాపకమొస్తాది. ఆ దారంతా నేను నవ్వుకుంటా పోయినానప్పా. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను."

విష్ణువర్ధన్ చొక్కా చెయ్యి మరక కనపడకుండా మడిచాడు. తరవాత, "మరి నన్నేం చెప్పమంటారు?" అని అడిగాడు. గారు అనలేదు.

"నేనూ వస్తాను. ముందు ఆస్పత్రికి పోనియ్యి. చూడకుండా ఆమెకు నేనేం చెప్పేది?"

మధ్యాహ్నం డ్యూటీ మనిషి రాగానే గేటు అప్పజెప్పి, మద్దమ్మ బైకు వెనక ఎక్కింది. ఆస్పత్రిలో నాగేశప్పను చక్రాల మంచం మీద పడుకోబెట్టి ఉంచారు. మత్తుసూది ఇంకా ఇవ్వలేదు. కుడిచెయ్యి గుడ్డల్లో చుట్టి ఉంది. ముఖం పాలిపోయినా కళ్ళు తెలివిగానే ఉన్నాయి. మద్దమ్మ నర్సును పట్టుకుని, గుడ్డ విప్పినప్పుడు చూస్తానని పట్టుబట్టింది. చూసింది. కళ్ళు తిప్పుకోలేదు.

"అక్కా, అలివేలుతో చిన్న దెబ్బ అని చెప్పు," అన్నాడు నాగేశప్ప.

"చెప్పను."

"దానికి బీపీ ఉండాది."

"ఉండనీ. ఆమెకు నేనేం చెప్పినా నమ్మదు. నువ్వు బతికి ఉండావని ఆమె నమ్మేటట్టు ఒక మాట చెప్పు నాకు. మీ ఇద్దురికే తెలిసింది. ఈ పొద్దుది."

నాగేశప్ప నొప్పిలో కూడా ఆలోచించాడు. పెదవులు కొంచెం వంగాయి. "కొట్టు వెనకాల మునగచెట్టు కొట్టెయ్యాలని అది, వద్దని నేను. పొద్దున కాఫీ కూడా తాగకుండా పోట్లాడుకున్నాము. సరే, కొట్టెయ్యమన్నానని చెప్పు. అదే గెలిచింది."

జూజువాడిలో లారీల రద్దీలోంచి బైకు కొట్టు ముందు ఆగేసరికి, అలివేలు ఎవరికో టీ పోస్తోంది. సన్నగా, చురుగ్గా ఉన్న మనిషి. విష్ణువర్ధన్ కంపెనీ కార్డు చూడగానే ఆమె చేతిలో గ్లాసు అలాగే ఆగిపోయింది. అతను నోరు తెరిచేలోగా మద్దమ్మ ముందుకొచ్చింది.

"అలివేలమ్మా, నేను రైలు గేటు మద్దమ్మని. మీ ఆయన చెయ్యి చక్రం కింద పడింది. కుడిచెయ్యి. రెండు వేళ్ళు నలిగిపోయినాయి. ఒకటి తీసెయ్యాలంటా ఉండారు, ఇంకోటి చూస్తామన్నారు. తలకూ, ఒంటికీ ఏమీ లేదు. మాట్లాడతా ఉండాడు. నేను ఇప్పుడే చూసి వచ్చినాను."

అలివేలు గ్లాసు దించింది. ముఖంలో ఏడుపు లేదు. కళ్ళు చిన్నవయ్యాయి. ఆ చూపు మద్దమ్మకు బాగా తెలుసు. అద్దంలో రోజూ చూసేదే.

"నిజం చెప్పు," అంది అలివేలు. "చేతికి దెబ్బ తగిలితే ఇద్దురెందుకొచ్చినారు? ఆయనే ఫోన్ చేసుంటాడు కదా. బతికి ఉండాడా?"

"ఉండాడు."

"ఒట్టు?"

"ఒట్టు వేసినా నువ్వు నమ్మవు. నేనైనా నమ్మను. విను. పొద్దున మీరు కాఫీ తాగకుండా మునగచెట్టు గురించి పోట్లాడినారంట. కొట్టెయ్యమని చెప్పమన్నాడు. నువ్వే గెలిచినావంట."

అలివేలు ఒక్కసారిగా ముఖాన కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఏడుస్తూనే, "చచ్చేటప్పుడు కూడా నన్నే అంటాడు," అని తిట్టింది. టీ తాగుతున్న లారీ డ్రైవర్లు తలలు దించుకున్నారు. మద్దమ్మ స్టవ్వు ఆర్పి, గల్లాపెట్టెకు తాళం వేసి, తాళంచెవి ఆమె చేతిలో పెట్టింది. ఆస్పత్రికి ఆటోలో పోతుంటే అలివేలు వేళ్ళ గురించి అడగాల్సినవన్నీ అడిగింది. ఏ వేలు, ఎంతవరకు, రక్తం ఎంత పోయింది. మద్దమ్మ చూసినది చూసినట్టు చెప్పింది. తెలియనిది తెలియదని చెప్పింది. ఇద్దరిలో ఎవరూ మెత్తగా మాట్లాడలేదు.

రైలు ఆలస్యం గురించి తరవాత ఒక అధికారి వచ్చి అడిగాడు. చూడలేదు కాబట్టి చెప్పలేదు, అంది మద్దమ్మ. ఆయన రాసుకుని వెళ్ళిపోయాడు. మెచ్చుకోలేదు, తిట్టనూ లేదు. దానిమీద కూడా ఆమె కొన్నాళ్ళు అనుమానపడింది, వెనకనుంచి ఏదైనా కాగితం వస్తుందేమో అని. రాలేదు. పట్టాల లారీ ఆ దారిలో పని ముగించుకుని ధర్మపురి వైపు పోయింది. పిన్నులు తియ్యడానికి చెయ్యి పెట్టే పని లేకుండా ఒక పొడుగాటి కొక్కెం చేయించామని విష్ణువర్ధన్ ఫోన్ చేసి చెప్పాడు. ఫోటో పంపించమంది. పంపించాడు.

నాగేశప్పకు ఉంగరపువేలు పోయింది. చిటికెనవేలు నిలిచింది. కానీ చెయ్యంతా నలిగినందువల్ల బొటనవేలు కూడా సరిగా వంగడం లేదు. కంపెనీవాళ్ళు అతన్ని స్టోరులో కూర్చోబెట్టారు. అతనికి అక్కడ కాలు నిలవడం లేదు. మళ్ళీ బండి నడపగలడా అన్నదే అతని గోల. ఎవరిని అడిగినా, ఓ, బ్రహ్మాండంగా నడుపుతావు, అంటున్నారు. అలివేలుకు ఆ మాట మీద గురి కుదరలేదు. చివరికి డాక్టరు దగ్గరికి వెళ్ళే రోజు మద్దమ్మకు ఫోన్ చేసింది.

"నువ్వు రా అక్కా. నేనడిగితే నవ్వి పంపించేస్తా ఉండారు. నీకు అడిగేది తెలుసు."

మద్దమ్మ డ్యూటీ మార్చుకుని వెళ్ళింది. డాక్టరు గది ముందు చాలాసేపు కూర్చున్నారు. లోపలికి పిలిచాక, డాక్టరు నాగేశప్ప చెయ్యి అటూ ఇటూ తిప్పి, బొటనవేలు నొక్కి చూసి, కాగితం మీద ఏదో రాయబోయాడు. మద్దమ్మ బల్లమీద చెయ్యి ఆనించి అడిగింది.

"సార్, ఈ వేలు మళ్ళా వంగతాదా? స్టీరింగు పట్టుకుంటాడా?"

డాక్టరు కలం ఆపాడు. అలసిపోయి ఉన్నాడు. ఆమె ముఖంలోకి చూసి, నాగేశప్ప చెయ్యి వైపు చూసి, "తెలియదమ్మా," అన్నాడు. "వంగొచ్చు. వంగకపోవచ్చు. వ్యాయామం చేయించండి, ఆర్నెల్ల తరవాత చూద్దాం."

నాగేశప్ప ముఖం చిన్నబుచ్చుకున్నాడు. అలివేలు మద్దమ్మ వైపు తిరిగి, ఏమంటావు అన్నట్టు చూసింది.

మద్దమ్మ కుర్చీలో వెనక్కి వాలింది. "ఈయన్ను నమ్మొచ్చు," అంది.